మందాకిని, ముందు వరస

ముందు వరసలో కూర్చోవద్దని నాకెవరూ చెప్పలేదు.
ఆలస్యంగా వచ్చినవాళ్లకి మిగిలేది అదేనట.
మోరీన్ రిటైర్మెంట్ పార్టీ,
హల్ ఊళ్లో, పబ్ మీది గదిలో,
వాన పడుతున్న గురువారం రాత్రి.
గొడుగు ఎక్కడ పెట్టాలో తోచక
ఒళ్లో పెట్టుకున్నాను, తడిసిన పిల్లికూనలా.

మైకు పట్టుకున్నవాడికి ఎర్ర మేజోళ్లు.
కూరల బజారులో వంకాయ గిచ్చి చూసేవాడిలా
ఒక్కో మొహం గిచ్చి చూస్తూ వచ్చి
నా దగ్గర ఆగాడు.
"నీ పేరు?"

మందాకిని, అన్నాను.
మైకు నా గొంతు లాక్కుని
నాకే పరాయిది చేసి గదంతా ఒంపింది.
"మాండీ!" అన్నాడు,
నాలుగక్షరాల మూట మొయ్యలేక
సగం దారిలోనే దింపేసిన కూలీలా.

"ఏం పని చేస్తావు, మాండీ?"
అబద్ధం ఆడేస్తే పోయేది.
టీచర్ననో, బ్యాంకులోననో.
ఇన్నేళ్లూ పెళ్లిళ్లలో, పేరంటాల్లో
"వాటర్ డిపార్ట్‌మెంటు" అని దాటేసినదాన్నే.
ఆ లైటు కింద నోరు దానంతటదే తెరుచుకుంది:
మురుగునీళ్లు పరీక్ష చేస్తాను.

వాడి మొహం చూడాలి అప్పుడు.
పండగ బోనస్ అందుకున్నవాడి మొహం.

పది నిమిషాలు.
నా పక్కవాళ్లని లేచి దూరం జరగమన్నాడు.
నిన్న తనేం తిన్నాడో చెప్పగలవా అన్నాడు.
చెయ్యి కలిపి, ఆ చేతిని
పరదాకి తుడుచుకున్నాడు.
మళ్లీ తుడుచుకున్నాడు.
రెండోసారికే ఎక్కువ నవ్వారు.
డెరెక్ బల్ల చరిచాడు.
పన్నెండేళ్లుగా నా ఎదురు బెంచీ మీద
అవే సీసాలు, అవే నీళ్లు పట్టే డెరెక్.

నేనూ నవ్వాను.
నవ్వకపోతే సరదా తెలియని మనిషినవుతాను,
నవ్వితే అన్నీ ఒప్పుకున్నట్టవుతుంది.
పళ్లు మాత్రం బయటపెట్టి
లోపల నాలుక కరుచుకుని కూర్చున్నాను.

నవ్వు నాలుగు విధాల చేటు అనేది అమ్మమ్మ.
ఆ నాలుగూ ఏమిటే అంటే
చెవి మెలిపెడితే అవే తెలుస్తాయనేది.

నిజం చెప్పొద్దూ,
తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారి నడకని
నేనే నడిచి చూపించేదాన్ని.
ఎడమకాలు. ఇప్పటికీ గుర్తే, ఎడమకాలు.
ఒకరోజు అందరూ ఉన్నట్టుండి నవ్వు ఆపేస్తే
వెనక్కి తిరిగాను. గుమ్మంలో ఆయన.
ఆయనా నవ్వారు.
ఇదే నవ్వు.
పళ్లు మాత్రం.

బయట వాన తగ్గలేదు.
చిప్స్ కొట్లో నా ముందెవరో
అరచేతిలో చిల్లర లెక్కపెడుతున్నాడు.
ఎర్ర మేజోళ్లు.
స్టేజీ దిగితే నా భుజం దాకా ఉన్నాడంతే.
రెండు పౌండ్లు తక్కువయ్యాయని
చేప వద్దు, చిప్స్ చాలన్నాడు.
"ఆ వెనిగర్ కొంచెం ఇటిస్తావా, లవ్?"
నా మొహంలోకి చూసే అడిగాడు.
గుర్తుపట్టలేదు.

ఇచ్చాను. అదే చెయ్యి.
సీసా పట్టుకున్న ఆ వేళ్లనే
ఉప్పు కోసం ఒక్కొక్కటీ చప్పరించాడు.

ఏదో ఒకటి అనాల్సింది. అనలేదు.
దొంగలు పడ్డ ఆర్నెల్లకి గానీ
నా కుక్క మొరగదు.

ఆ రాత్రి మాత్రం అంత ఆలస్యం చెయ్యలేదు.
ఆఖరి బస్సు హెస్సిల్ రోడ్డు మీద మలుపు తిరుగుతుంటే
తట్టింది:
మందాకిని అంటే ఆకాశగంగ కదూ!
ఆకాశగంగ దిగొచ్చి
మురుగుకాలవ దగ్గర నెలజీతానికి చేరింది!
అంత జోకు కాళ్ల దగ్గరే పడి ఉంటే
తొక్కుకుంటూ పోయి మాండీ అన్నాడు, వెధవ.
నలభై ఏడేళ్లుగా నా దగ్గరే ఉంది,
నాకు మాత్రం తట్టిందా?

నవ్వొచ్చింది. ముందు ముక్కులోంచి,
ఆ తర్వాత గొడుగు జారి కింద పడేదాకా.
ఎవరికి చెప్పను?
డెరెక్‌కి చెప్పాలంటే ముందు స్వర్గం,
ఆపైన నది, ఆపైన మా నాన్న ముచ్చట,
ఈలోపు పెసరట్టు చల్లారి చెప్పు అట్టవుతుంది.

డ్రైవరు అద్దంలోంచి చూశాడు.
బాగానే ఉన్నారా మేడమ్, అన్నాడు.
బాగానే ఉన్నాను.
నా స్టాపు ఎప్పుడో దాటిపోయింది.